తూర్పు ముందా, ఉత్తరం ముందా

కార్తీక బహుళ పంచమి

మేడెక్కి కరెంటిచ్చే ఎండపలకల మీద కొంగల రెట్ట కడుగుదామని బకెట్టు పట్టుకెళితే, అప్పటికే కడిగేసి ఉన్నాయి. ఎవరు కడిగారని అడగక్కర్లేదు. నా తోడికోడలు మాణిక్యం. నాకు మోకాలి నొప్పి అని ఎలాగో కనిపెట్టి ఉంటుంది. నేను చెప్పలేదు, కడిగానని తనూ చెప్పదు. మా ఇంటి పద్ధతి అది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అత్తగారు పేరంటాలమ్మ లెక్క వేరు. అడిగేదాకా ఆగితే అది పెట్టడం కాదు, చేసింది చెప్పుకుంటే అది చెయ్యడం కాదు. ఇరవై ఏళ్ళ కిందట ఈ ఇంటికొచ్చిన కొత్తలో, ఈవిడ చాదస్తం నాకెక్కడ అంటుకుంటుందిలే అనుకున్నాను. అంటుకుంది. ఈ వైశాఖంలో వచ్చిన మాణిక్యానికైతే ఆరు నెలల్లోనే అంటుకుంది.

ఇక పనిలోకొస్తాను. మా పటాల గది పాత తుఫాను షెల్టరు పై అంతస్తులో ఉంది. కింది అంతస్తులో చేపలుంటాయి. మాకున్నది ఒకే ఒక్క కంప్యూటరు పెట్టె, దాని మీద రెండు సర్వర్లు. మొదటిది పటం సర్వరు. అది నాది. నీళ్ళ కింద మేట ఎక్కడుందో, కాలువ ఎటు పోతోందో, ఏ తెప్ప ఇల్లు ఎక్కడ లంగరేసుకుందో బొమ్మ గీసి, నీళ్ళ మీద తేలే మా వాడలో వాళ్ళ ఫోన్లకు పంపుతుంది. పిలవగానే లేస్తుంది, పెట్టింది తింటుంది. రెండోది జావా అనే కంప్యూటరు భాషలో నడిచే జావా సర్వరు, మాణిక్యానిది. ప్రతి పడవలోనూ, ప్రతి తెప్ప ఇంట్లోనూ ఒక కూతపెట్టె ఉంటుంది. 'నేనిక్కడున్నాను' అని అది పంపే అంకెల్ని జావా సర్వరు పోగేసి, 'ఇదుగో, ఇక్కడ చుక్క పెట్టు' అని నా సర్వరుకి చెబుతుంది. నిద్ర లేవడానికే దానికి బోలెడు సేపు పడుతుంది. లేచిందా, పెట్టెలో మెమరీ అంతా తనకే కావాలంటుంది.

రెండు కత్తులు ఒకే ఒరలో ఇమడవంటారు గానీ, దీనికింత దానికింత అని మెమరీ కొలిచి పెట్టాక ఇమిడాయి. బయటివాళ్ళకి గుమ్మం ఒక్కటే. పటం కావాలన్నవాళ్ళని ఇటు, పడవల సంగతి కావాలన్నవాళ్ళని అటు పంపిస్తాం. లోపల ఇద్దరున్నారన్న సంగతి వాడలో సగం మందికి తెలియదు.

ఈ సర్వర్లు మాకిచ్చిన మండలి నుంచి ఇవాళ పటం సర్వరుకి కొత్త కూర్పు, అదే కొత్త వెర్షన్, వచ్చింది. సాయంత్రందాకా కూర్చుని ఎక్కించాను. నడుము పట్టేసింది.

షష్ఠి

కొత్త కూర్పుకి ఒక తిక్క ఉంది.

మాకు చోటంటే రెండు అంకెలు. లైట్‌హౌసు నుంచి తూర్పుకి ఎన్ని మైళ్ళు, ఉత్తరానికి ఎన్ని మైళ్ళు. ఇన్నాళ్ళూ తూర్పు ముందు చెప్పేవాళ్ళం, ఉత్తరం తరవాత. ఈ కొత్త కూర్పు ఉత్తరమే ముందు చెప్పమంటోంది. ఎందుకని అడిగితే మండలి వాళ్ళు చెప్పరు. జావా సర్వరేమో పాత అలవాటు ప్రకారం తూర్పే ముందు చెబుతుంది. ఇలా వదిలేస్తే తూర్పున ఉన్న పడవ ఉత్తరాన కనపడుతుంది.

మాణిక్యానికి చెబితే తన వైపు మార్చేస్తుంది. కానీ పిల్ల నాలుగు రోజులుగా జలుబుతో ముక్కు ఎగబీలుస్తూ తిరుగుతోంది. జావా సర్వరుని ఆపి లేపడమంటే గంట పైన పని. ఎందుకొచ్చిన శ్రమ అని నా వైపే ఒక వరస రాశాను. అటునుంచి వచ్చిన రెండంకెల్నీ అటుదిటు, ఇటుదటు మార్చి తీసుకోమని. రాసి, పటం తెరిచి చూశాను. ఏ ఇల్లు ఉండాల్సిన చోట ఆ ఇల్లు ఉంది.

మా ఇళ్ళన్నీ లైట్‌హౌసుకి ఈశాన్యంగా, గీత గీసినట్టు వరసగా ఉంటాయి. మరే దిక్కున లంగరేసినా అరిష్టమని మా వాడ నమ్మకం. నీళ్ళ మీద తేలేవాళ్ళకి వాస్తేమిటండీ అని ఒకసారి నేనంటే, “నీళ్ళకి మాత్రం ఈశాన్యం ఉండదేటే?” అన్నారు అత్తగారు.

అష్టమి

తుఫాను గాలి వస్తుందని జెండా ఎగరేసినప్పటి నుంచి వాడలో పడవలన్నీ కట్టేసే ఉన్నాయి. అత్తగారి పడవ తప్ప.

లోతులు కొలవడం ఆవిడ పని. గుండు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, అడుగు తగిలేసరికి ఎన్ని బారలు దిగిందో చూసి, కూతపెట్టె మీద ఆ అంకె నొక్కుతారు. సముద్రంలో గాలిమరల పనికెళ్ళిన మా మగవాళ్ళు అమావాస్య వెళ్ళాక, కాలువ సముద్రంలో కలిసే తూర్పు మొగలోంచే ఇంటికి రావాలి. మొగలో ఇసకమేట ఎటు జరిగిందో తెలియకపోతే వాళ్ళ పడవ దాని మీదికెక్కి కూర్చుంటుంది. అందుకని ఆవిడ బయల్దేరారు.

“ఈ గాలిలో ఎందుకండీ అత్తయ్యా. రెండ్రోజులాగి ఎల్లకూడదా?” అంది మాణిక్యం.

“రెండ్రోజుల్లో తగ్గుతానని గాలి నీతో చెప్పిందేటే?” అని తాడు చుట్టుకుని పడవెక్కేశారు. అరవై నాలుగేళ్ళ మనిషి. ఆవిడ పడవెక్కడం చూస్తే నా మోకాలికి సిగ్గేస్తుంది.

మధ్యాహ్నం పటం చూస్తే ఆవిడ చుక్క మొగ దగ్గర లేదు. ఉత్తరాన మడ అడవిలో ఉంది. నాకు నవ్వొచ్చింది. మొగకని చెప్పి పీతలకెళ్ళారు.

“మడ పీతలంటే అత్తయ్యగారికి పేణం కదక్కా,” అంది మాణిక్యం. “మనకి చెబితే కూడా ఒత్తామంటామని చెప్పలేదు.”

పులుసుకి ఉంటుందని చింతపండు నానబెట్టాను. వంటింట్లోకి వెళ్ళి చూస్తే మాణిక్యమూ నానబెట్టింది. రెండు గిన్నెలు.

దశమి

గాలివాన వచ్చింది. ఫోన్ల మాటలు మోసే స్తంభం నిన్న పొద్దున్నే విరిగి పడింది, ఇక ఎవరూ ఎవరితో ఫోన్లో మాట్లాడలేరు. కూతపెట్టె కూతలు మాత్రం ఎలాగో అందుతున్నాయి.

అత్తగారు రాలేదు. ఆవిడ చుక్క మడలో లేదు. లైట్‌హౌసు నుంచి తూర్పుకి పన్నెండు మైళ్ళు, ఉత్తరానికి మూడు. అంటే మొగ దాటి, నడిసముద్రంలో.

నాకు భయం వేసింది. రాస్తే కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను, తగ్గడం లేదు.

గవరయ్య బాబాయ్ మా పక్కింటాయన. అత్తగారి ఈడువాడు, వాడలో పెద్ద పడవ ఆయనదే. అడక్కముందే తాళ్ళు విప్పాడు. ఎండ లేక మోటారుకే కరెంటు చాలదని తన కూతపెట్టె ఆపేసి, దిక్సూచి పట్టుకుని తూర్పుకి వెళ్ళాడు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఆయన ముఖం చూశాక నాకు అడగబుద్ధి కాలేదు.

“చెప్పినకాడికెల్లానమ్మా లోవా,” అన్నాడు ఆయనే. “దాటి కూడా ఎల్లాను. అల తప్ప ఏటీ లేదు.”

చుక్క మాత్రం అక్కడే ఉంది, కదలకుండా. పడవ మునిగిపోయి కూతపెట్టె ఏ వలకో చిక్కుకుని కూస్తోందని వాడలో అనుకుంటున్నారు. నా ఎదురుగా ఎవరూ అనలేదు. మాణిక్యం ఎదురుగా ఎవరో అన్నట్టున్నారు, పొద్దుటి నుంచి అది మాట్లాడలేదు, తినలేదు.

ఏకాదశి

ఎండ లేదు. బ్యాటరీలో ఉన్నది రెండు సర్వర్లకీ చాలదు.

ఒకదాన్ని పడుకోబెట్టాలి. జావా సర్వరుని ఆపితే కూతలు అందవు. అందుకని నా సర్వరునే ఆపేశాను. ఇప్పుడు మాకు పటం లేదు, మాణిక్యం తెర మీద ఉత్త అంకెలున్నాయి. దాన్ని ఆపుతున్నానని నేను చెప్పలేదు. ఆపాక చూసి, “నాదాపవలిసింది గదక్కా,” అంది. ఈ రెండు రోజుల్లో అది మాట్లాడిన మాట అదొక్కటే.

గవరయ్య బాబాయ్ పడవలో ఇంకొక్క ప్రయాణానికి సరిపడా కరెంటు ఉంది. ఎటు వెళ్ళాలో తెలిస్తే వెళతానంటున్నాడు. అమావాస్యకి సముద్రం పొంగే పోటు దగ్గరపడుతోంది. ఈ గాలికి ఆ పోటు తోడైతే మెరక అన్నది మిగలదు. అత్తగారు ఎక్కడైనా, దేన్నైనా పట్టుకుని ఉంటే, పోటులోపే తీసుకురావాలి. లేకపోతే లేదు.

ఆవిడ మంచం పక్కన చెంబులో నీళ్ళు మార్చి పెట్టాను. మార్చాక చూస్తే అవి పొద్దున్నే ఎవరో మార్చిన నీళ్ళే.

ద్వాదశి

మధ్యాహ్నం రాస్తున్నాను.

పొద్దున్న మాణిక్యం తెర ముందు కూర్చున్నాను. పటం లేకుండా అంకెలు చూడడం నాకలవాటు లేదు. ఇరవై ఏళ్ళుగా బొమ్మ చూసినదాన్ని, అంకె చూస్తే చోటు కళ్ళకి కట్టదు. సరే, నా సర్వరు పడుకుంటే నేను పడుకోలేదు కదా అని, ముగ్గుపిండి తీసుకుని గది నేల మీద చుక్కలు పెట్టాను. అడ్డంగా పదిహేను, నిలువుగా పదిహేను. మూలన లైట్‌హౌసు. ఒక్కో చుక్కా ఒక్కో మైలు.

అత్తగారి కూత మూడు, పన్నెండు అని ఉంది. కూతపెట్టె నుంచి వచ్చేది ఎప్పుడూ తూర్పే ముందు. తూర్పుకి మూడు చుక్కలు లెక్కపెట్టాను. ఉత్తరానికి పన్నెండు. అక్కడ పసుపు పెట్టి, లేచి నిలబడి చూశాను.

అది సముద్రం కాదు. మడ అడవి.

తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ పెట్టాను. మడే. మొన్న పటంలో చూసినప్పుడు పన్నెండు తూర్పుకుంది, మూడు ఉత్తరానికుంది. ఇక్కడేమో తిరగబడి ఉంది. ఏది నిజం? పటం తప్పా, నా ముగ్గు తప్పా? గవరయ్య బాబాయ్‌కి ఉన్నది ఒక్క ప్రయాణం. ఊహ మీద పంపడానికి లేదు.

అప్పుడు పక్క గడి చూశాను. లోతుల గడి. గాలివాన హడావిడిలో దాని వంక ఎవరమూ చూడలేదు. అందులో అంకెలున్నాయి. ఒకటిన్నర బార. పోటుకి రెండు. నీళ్ళు తీసే పాటుకి మళ్ళీ ఒకటిన్నర. ఇవాళ పొద్దున్న కూడా ఒకటుంది.

కూతపెట్టె తనంతట తానే కూస్తుంది, పడవలో మనిషి ఉన్నా లేకపోయినా. లోతు అలా రాదు. తాడు వదలడానికి ఒక చెయ్యి ఉండాలి, అంకె నొక్కడానికి ఒక వేలుండాలి. అత్తగారు బతికే ఉన్నారు. మొగ అవతల సముద్రం ఇరవై బారలుంటుంది, అక్కడ ఒకటిన్నర ఎలా వస్తుంది? ఒకటిన్నర బారంటే మడలో పాయ.

ముగ్గు తొక్కుకుంటూ మాణిక్యం దగ్గరికి వెళ్ళాను.

“నీ సర్వరులో ఈ మధ్య ఏమైనా మార్చావా?” అన్నాను.

ఈ ఇంట్లో ఒకరినొకరం ఇలా అడుక్కోవడం నాకు తెలిసి అదే మొదలు. అది బిక్కమొహం వేసింది.

“కొత్త కూర్పు ఉత్తరం ముందడుగుద్దని ఆళ్ళు పంపిన కాయితాల్లో చదివానక్కా. నీకు మోకాలు నొప్పి, పైగా ముందురోజల్లా పెట్టె ముందే కూకున్నావు. మళ్ళీ నీకెందుకని నా ఏపే మార్చేసి పంపుతున్నాను.”

“ఎప్పుడు?”

“షష్ఠినాడు. నువ్వు కునుకు తీత్తన్నప్పుడు.”

నేను మార్చిందీ షష్ఠినాడే. అది ముక్కు చీదుకుంటూ దుప్పటి కప్పుకున్నప్పుడు.

అంటే అది తూర్పునీ ఉత్తరాన్నీ తిరగేసి పంపుతోంది, నేను తిరగేసినదాన్ని మళ్ళీ తిరగేసి తీసుకుంటున్నాను. మొదటికొచ్చింది. ఇద్దరం పటం చూసుకున్నాం, ఇద్దరికీ సరిగ్గానే కనపడింది. ఎందుకు కనపడదు? ఈశాన్యంలో ఉన్నవాళ్ళం, తూర్పుకి ఎంతో ఉత్తరానికీ అంతే. అటుదిటు చేసినా మా ఇళ్ళు కదలవు. ఆ వరస దాటి వెళ్ళిన పడవ ఒక్కటే, అదీ అత్తగారిది. ఆవిడ పీతలకి వెళ్ళనేలేదు. ఆ రోజు చెప్పినట్టే మొగలో ఉన్నారు. గాలి రేగాక మడలోకి పారిపోయి తలదాచుకున్నారు. మేము ఆవిణ్ణి సముద్రంలో వెతికించాం.

“నేనే చంపేశానేటక్కా?” అంది మాణిక్యం.

“పొద్దున్న లోతు నొక్కారే,” అని ఆ అంకె చూపించాను. “చచ్చినవాళ్ళు నొక్కుతారా? నువ్వొక్కదానివే చేసుంటే పటం సరిగ్గా ఉండేది. నేనొక్కదాన్నే చేసినా సరిగ్గా ఉండేది. పద, బాబాయ్‌ని పిలువు.”

గవరయ్య బాబాయ్ వచ్చి ముగ్గు చుట్టూ తిరిగాడు. సగం నేను తొక్కేశాను, పసుపు మాత్రం మిగిలింది. లోతులు చదివి వినిపించాను.

“ఒకటిన్నరా,” అన్నాడు. “అయితే మడే. పడవ మడచెట్టుకి కట్టుకుని ఉంటది, పోటుకి లేత్తది. రేపటి పోటుకి ఆ పడవ ఆగదమ్మా.” తలపాగా చుట్టుకున్నాడు. “ముగ్గు చూసి పడవ తియ్యడం నా బతుకులో ఇదే.”

ఆయన వెళ్ళాక మాణిక్యానికి అన్నం కలిపి పెట్టాను. తింటావా అని అడిగి మరీ పెట్టాను. తింది.

త్రయోదశి

పొద్దున్న మబ్బు విడి పల్చగా ఎండ వచ్చింది. మేడెక్కి పలకలు తుడిచి దిగి, నా సర్వరుని లేపాను. చటుక్కున లేచింది. పటం వచ్చింది.

అత్తగారి చుక్క సముద్రంలో ఉంది.

చుక్క కదులుతోంది, మూడు రోజుల తరవాత కదులుతోంది, కానీ సముద్రంలో. పోటు లాక్కుపోయిందా? బాబాయ్ చేరలేదా? తెర మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయాను. వెనక నుంచి మాణిక్యం గొంతు చిన్నగా వినపడింది.

“అక్కా, నువ్వు రాసిన వరస నిన్న తీసేశావా?”

“తీసేశాను. నీదుంది కదా అని.”

“నేనూ నాది తీసేశాను. నీదుంది కదా అని.”

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నవ్వు కూడా రాలేదు, అంత భయపడ్డాం.

“నేను పెడతాను,” అన్నాను. “నువ్వు నీది ముట్టుకోకు. నీకే చెబుతున్నాను, విన్నావా?”

“ఇన్నాను. ముట్టుకోను. నువ్వు పెట్టు.”

పెట్టాను. చుక్కని సముద్రంలోంచి తీసి మడ దగ్గర పెట్టినట్టయింది. మెల్లగా దక్షిణానికి, ఇంటి వైపు దిగుతోంది. పెద్ద పడవ వెనక కట్టుకుని లాక్కొచ్చే నడక అది. అప్పుడు మాణిక్యం ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పెట్టె మీద పడకుండా పక్కకి తిరిగి ఏడ్చాను, అది తడిస్తే మళ్ళీ దొరకదు.

మధ్యాహ్నానికి వచ్చారు. అత్తగారిని గవరయ్య బాబాయ్ చెయ్యి పట్టి దింపబోతే విదిలించుకుని తనే దిగారు. దిగి, మా ఇద్దరినీ చూసి, అక్కడే తెప్ప మీద కూలబడ్డారు. ఒళ్ళు కాలిపోతోంది. అరచేతులు రెండూ తాడు కోసుకుపోయి పచ్చిపుళ్ళయ్యాయి.

లోపలికి తీసుకెళ్ళి, తల తుడిచి, గంజి తాగించాను.

“ఆ వానలో, ఆ మడలో కూర్చుని లోతులు కొలిచారేంటండీ అత్తయ్యా?” అన్నాను. “చేతులు చూడండి ఎలా అయ్యాయో. ఎవరిక్కావాలి మడలో లోతు?”

“ఎవరికీ అక్కర్లేదే.” కళ్ళు మూసుకునే చెప్పారు. “మోటారు పోయింది. కేకేత్తే ఇనపడదు. మీరిద్దరూ ఆ పెట్టె ముందు కూకుని చూత్తంటారని తెలుసు. నేనున్నానని చెప్పాలి గదా.”

ఇక దాచుకోలేక జరిగిందంతా చెప్పేశాను. నేను మార్చడం, మాణిక్యం మార్చడం, ఇద్దరం దాచుకోవడం, తూర్పున వెతకడం, పొద్దున్న మళ్ళీ ఇద్దరం తీసెయ్యడం. తప్పు నాదని మాణిక్యం అడ్డం వస్తే, కాదు నాదని నేను. అత్తగారు అంతా విన్నారు. తిడతారనుకున్నాను.

“నేను నేర్పిందే గదా,” అన్నారు చివరికి.

తరవాత రెండు చేతులూ మా ముందుకి చాపారు.

“మండిపోతన్నాయే. కాత్త నూనె రాయండి.”

ఈ ఇరవై ఏళ్ళలో ఈవిడకి జ్వరాలొచ్చాయి, చెయ్యి విరిగింది, మామగారు పోయారు. నాకిది చెయ్యమని ఒక్కరోజైనా ఒక్కరినీ అడగలేదు. కొబ్బరినూనె గిన్నె తెచ్చి కుడిచెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను.

మాణిక్యం అటు పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోయి ఆగింది.

“ఎడంచెయ్యి నేను రాయనా అక్కా?” అంది.

“రాయి,” అన్నాను.